మందు బుడ్డికి నల్లదారం

కువైట్‌లో నేను పనిచేసే ఇంటి పెద్దావిడను మామా అంటాం. ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయి చూపు తిరిగొచ్చినప్పుడు అందరూ సంతోషించారు. నష్టపోయింది నేనొక్కదాన్నే.

అంతకుముందు రెండేళ్ళు ఆ ఇల్లు ఎంత శుభ్రంగా ఉండేదో! మామాకు ఈగ కనబడదు, నాకు దుమ్ము కనబడదు. "తుడిచావా?" అనేది. "తుడిచాను మామా" అనేదాన్ని. "బాగుంది" అనేది. అంతకన్నా సుఖమైన ఉద్యోగం ఏ దొరసానికైనా దొరుకుతుందా?

నా కళ్ళలో కూడా పొర పడిందని నాకు తెలుసు. ఏ దీపం చూసినా చుట్టూ గుడి కట్టినట్టు ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చూపులేని పనిమనిషికి ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కొట్టించే కఫీల్, అంటే యజమాని, ఇంకా పుట్టలేదు. తెలిస్తే టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తారు. ఊళ్ళో నా చిన్నకూతురి నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉంది. అందుకని బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేదాన్ని. చూసినవాళ్ళు ఎంత శ్రద్ధో అని మెచ్చుకునేవాళ్ళు.

కంటికట్టు విప్పగానే మామా మొదట అద్దం చూసుకుంది. "ఈ ముడతలేంటి? ఆ డాక్టరు నా ముఖం ఏం చేశాడు?" అని కేకలేసింది. తర్వాత బీరువా తెరిచింది.

"నా నల్ల గౌను తీసి ఈ నీలంది పెట్టిందెవరు?"

నేను వెళ్ళి చూశాను. "నల్లదే కదా మామా."

"నీలం!"

"వల్లా, ఒట్టు, నలుపే మామా."

"కొత్త కన్ను తెచ్చుకున్న రోజే నాతో అబద్ధమా?"

మామా కూతురు వచ్చి తీర్పు చెప్పింది. ఆ గౌను కొన్ననాటి నుంచీ నీలమేనట. పొర ఉన్నన్నాళ్ళూ మామాకు నల్లగా కనబడిందట. నాకు మాత్రం ఇంకా నల్లగానే ఉంది. గౌను మడిచి బీరువాలో పెట్టేశాను.

ఇక చుక్కల మందు. రెండు బుడ్డీలు. తెల్లమూతది రోజుకు నాలుగుసార్లు, పసుపుమూతది రెండుసార్లు. నాకేమో రెండు మూతలూ పాత దంతం రంగే. ఇక్కడే ఫర్వానియాలో ఉండే మా చెల్లెలికి ఫోను చేశాను.

"నీకే కండ్లు కనపడవు, ఆమె కంట్లో నువ్వు మందేస్తాండావా? కొంప మునిగిందిపో అక్కా!"

"ఏం జేయల్ల మ్మే మరి?"

"ఒకదానికి దారం కట్టు. నూనె సీసా ఏదో, కిరసనాయిలు సీసా ఏదో తెలీడానికి అమ్మ కట్టేది కాదా?"

చదువుకున్నవాళ్ళు చీటీ అంటిస్తారు, మేం దారం కడతాం. నా సూదీదారం డబ్బాలోంచి నల్లదారం తీసి, జారిపోకుండా మూడు ముడులేసి, రోజుకు రెండుసార్లు వేసేది ఏదో మామాతోనే మాటల్లో చెప్పించుకుని, ఆ బుడ్డి మెడకు కట్టాను. ఆ బుద్ధి చెప్పిన చెల్లెలికీ, విన్న నాకూ గుర్తురాని సంగతి ఒకటుంది. పనిమనిషి ముడులేసిన దారం కనబడితే ఇక్కడివాళ్ళు దాన్ని గుర్తు అనుకోరు, చేతబడి అనుకుంటారు.

రెండోవారంలో కూతురి కంట పడింది. బుడ్డిని కాగితంతో పట్టుకుని, పామును పట్టుకొచ్చినట్టు హాల్లోకి తెచ్చింది.

"మా అమ్మకు మంత్రాలు కడుతున్నావా? ఈరోజే టికెట్టు. ఖలాస్!"

నాకు రెండు దారులున్నాయి. మంత్రగత్తెనని ఒప్పుకుంటే ఈరోజు విమానం, కళ్ళు లేవని ఒప్పుకుంటే రేపటి విమానం. మూడోది వెతుక్కున్నాను.

"గుర్తు కోసం కట్టానమ్మా. ఉత్త నల్లదారం."

"కళ్ళముందు నీలం దారం పెట్టుకుని నలుపంటుంది! చూశావా అమ్మా, నోరు తెరిస్తే అబద్ధమే!"

మామా లేచింది. బుడ్డిని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి దారాన్ని చూసింది. లోపలికెళ్ళి, ఆ గౌను తెచ్చి నా చేతుల్లో వేసింది.

"ఇదేం రంగు?"

నీలమని చెబితే సరిపోయేది. ఇంట్లో అందరికీ తెలిసిన జవాబే. కానీ ఆవిడ నా కళ్ళలోకి చూస్తోంది, కొత్త కన్నుతో.

"నలుపు మామా" అన్నాను.

మామా కూతురివైపు తిరిగింది. "ఇది మంత్రగత్తె కాదు. నాకొచ్చిన రోగమే దీనికీ వచ్చింది. ఇన్నాళ్ళూ ఒక గుడ్డిదానికి ఇంకో గుడ్డిది మందు పోసింది!" మళ్ళీ నాతో, "ఎందుకు చెప్పలేదు?" అంది.

"మీరు చెప్పారా మామా? దిండనుకుని పిల్లిమీద కూర్చునేదాకా?"

నవ్వకూడదని చాలా ప్రయత్నించింది.

కూతురు మాత్రం టికెట్టు మాట వదల్లేదు. మామా అడ్డం తిరిగింది. "దీన్ని పంపితే కొత్తది వస్తుంది. దానికి కళ్ళు బాగుంటాయి. పొద్దున లేచి నా ముడతలన్నీ అదే ముందు చూస్తుంది. వద్దు. నా డాక్టరు దగ్గరికే దీన్నీ తీసుకెళ్ళు."

ఆవిడ దయ ఎప్పుడూ ఇలాగే, ఏదో ఒక తిట్టు ముసుగేసుకుని వస్తుంది.

నా కంటికట్టు విప్పి ఇంటికి తెచ్చిన రోజు నేరుగా వంటగదిలోకి వెళ్ళాను. పొయ్యి వెనక గోడను రెండేళ్ళుగా నేనే తోమాను, ప్రతిరోజూ. దానిమీద నూనె జిడ్డు ధారలు కట్టి, ఎండి, మళ్ళీ ధారలు కట్టి ఉంది. వేలితో గీస్తే గోరు దిగబడింది. కిటికీ అంచున ఆ పాత బుడ్డి, దాని మెడకు దారం. నీలమే.

"తుడిచావా?" వెనకనుంచి మామా గొంతు.

ఈసారి జిడ్డంటిన గోరు చూపించాను.

ఆవిడ తడిగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "డాక్టరు నిన్ను వారం వంగొద్దన్నాడు. పైభాగం తుడువు. యల్లా, కానియ్."