రాజుగారి వంటింట్లో మా వంటక్క

అబుదాబి వైపు అల్ ఐన్‌లో నేను పిల్లల్ని చూసుకునే ఇంట్లోనే మా గోదారివైపు అక్క ఒకామె వంట చేసేది. ఏ వంటింట్లో అడుగుపెట్టినా ముందు తల పైకెత్తి, "పొగ ఎటు పోద్దే చెల్లీ?" అని అడగడం ఆమెకు అలవాటు.

కరోనా తగ్గాక ఒక వేసవిలో మా మేడమ్ వాళ్లు మమ్మల్నిద్దరినీ పోర్చుగల్ తీసుకెళ్లారు. సింత్రా అని కొండమీది ఊరు. అక్కడి పాత రాజభవనం మీద తాటిచెట్లను మించిన తెల్లటి వంటింటి పొగగొట్టాలు రెండు కనబడ్డాయి. అవి చూసినప్పటినుంచీ అక్కకు కాలు నిలవలేదు. మేడమ్ మాత్రం తోటలన్నీ తిరిగి అలిసిపోయి, "ఖలాస్, ఇక చాలు, యల్లా, కారెక్కండి" అంది.

ఆ ఇంట్లో చేరిన ఆరేళ్లలో ఏనాడూ నోరు తెరిచి ఏదీ అడగని అక్క, "మేడమ్, ఏక్ బార్ కిచెన్ దేఖ్‌నా హై" అని, ఒక్కసారి ఆ వంటిల్లు చూడాలని అడిగింది. మేడమ్ ఆమె మొహంలోకి చూసి, టికెట్లు తీసుకుని తానూ మా వెంట వచ్చింది.

రాజుగారి వంటింట్లో గొట్టం కింద నిలబడి అక్క పైకి చూసింది. ఎక్కడో పైన గుండ్రంగా వెలుతురు.

"పొగంతా అటే పోయేది. ఇక్కడ వండినోళ్లకి కళ్లు మండలేదే," అని మురిసిపోయింది.

అంతలో మేడమ్ ఫొటో కోసం పొయ్యిల మధ్యకు వచ్చింది. "థోడా సైడ్ మేడమ్, వంటవాళ్లకి అడ్డం," అని అక్క హిందీలో కసిరింది.

వందేళ్లకు పైగా నిప్పు ఎరగని ఆ పొయ్యిల దగ్గరనుంచి మేడమ్ గబుక్కున పక్కకు జరిగింది.