బోర్డు మీది జవాబులు

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, టేకులపల్లి దాటాక అడవి వైపున్న మా బడికి పట్నం నుంచి ఒక మేడం వచ్చింది. మా వయసు పిల్లల స్వభావం ఎట్లా ఉంటుంది, తమ జీవితం తమ చేతిలో ఉందని ఎంతవరకు నమ్ముతారు అని తెలుసుకోవడానికి ప్రశ్నల కాగితాలు తెచ్చింది. ఇందులో తప్పొప్పులు లేవు, మనసులో ఉన్నదే రాయండని చెప్పి, పక్క తరగతికి పోయింది.

ఆమె గడప దాటగానే మా లెక్కల సారు సుద్దముక్క అందుకున్నాడు. ప్రశ్నలున్న కాగితం వస్తే అది పరీక్షేనని ఆయన నమ్మకం. పరీక్షలో బడి పరువు పోకూడదు. ఒకటి అవును, రెండు కాదు, అంటూ బోర్డు నిండా జవాబులు రాశాడు.

మొదటి వాక్యం, 'నా జీవితంలో ఏం జరగాలో నేనే నిర్ణయిస్తాను.' బోర్డు మీద అవును. నా కాగితం మీద కాదు అని రాశాను. ఒకప్పుడు ఊరి చుట్టూ ఉన్న పొలమంతా మా తాతది. ఆయన దాన్ని కోర్టుల్లో పోగొట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు. కిరాయి ఇంటికి మారినప్పుడూ అడగలేదు.

సారు నా బెంచీ దగ్గర ఆగాడు.

"ఏందమ్మా దొరసానీ, బోర్డు కనిపిస్తలేదా?"

"కనిపిస్తుంది సార్."

"మరి?"

"అవి మీ జవాబులు సార్. కాగితం మీద నా పేరుంది."

వెనక బెంచీ వాళ్లు నవ్వారు.

"జమీన్లు పోయినా పొగరు పోలే," అన్నాడాయన. "చెరిపి రాయి. లేకుంటే రేపటి నుంచి ప్రతిజ్ఞ నువ్వు చెప్పవు."

పొద్దున ప్రార్థనలో అందరి ముందు నిలబడి ప్రతిజ్ఞ చెప్పించేది నేనే. మా ఇంటి మనిషి మాట చెబితే నలుగురు వినే చోటు ఊళ్లో అదొక్కటే మిగిలింది. అది పోగొట్టుకోవాలనిపించలేదు. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు ఏడో వాక్యం కనిపించింది. 'ఇతరులు ఒత్తిడి చేస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను.' బోర్డు మీద కాదు అని ఉంది. తరగతంతా తలలు వంచుకుని సారు చెప్పిన ఆ కాదునే ఎక్కించుకుంటోంది. నేనూ కాదు అనే రాసి, రబ్బరు పక్కన పెట్టేశాను.

మేడం చెప్పుల చప్పుడు వినగానే సారు బోర్డు తుడిచేశాడు. ఆయన చెయ్యి చాపకముందే లేచి వెళ్లి, నా కాగితం ఆమె చేతికే ఇచ్చాను.

మర్నాడు ప్రతిజ్ఞ వేరే అమ్మాయి చెప్పింది. రెండు చోట్ల తడబడింది. నేను వరసలో నిలబడి ఆమె వెనక పలికాను, గొంతు తగ్గించకుండా.

వారం తర్వాత సారు పిలిచాడు. "తప్పయిందని ఒక్కమాట అను. మళ్లీ నీకే ఇస్త."

"అనను సార్."

పదో తరగతి అయ్యేదాకా అనలేదు. ఇప్పుడు అడిగినా అనను.