క్లారినెట్ వంతు

నా చిన్నప్పుడు మా పక్కింటి గ్యారేజీలో కారు బదులు ఒక బ్యాండ్ ఉండేది. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధి వీధంతా కార్ల కంపెనీల వాళ్ళే. మా నాన్న కారు సీట్లు డిజైన్ చేసేవాడు. పక్కింటి తాతయ్య కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైర్ అయ్యారు. అయినా ఆయన కారు మాత్రం బయట మంచులో నానుతూ ఉండేది. గ్యారేజీలో మడత కుర్చీలు, డ్రమ్ములు, ఒక పాత హీటరు ఉండేవి. ఆయన్ని తాతయ్య అని పిలవమని అమ్మే నేర్పింది. తెలుగు రాని ఆయనకి ఆ మాట నోరు తిరిగేది కాదు. "టాటయ్యా" అని తనని తానే పిలుచుకుని నవ్వేవారు. నన్ను "కిడ్డో" అనేవారు.

ఆ బ్యాండ్ వాళ్ళది పాతకాలపు జాజ్ సంగీతం. కార్నెట్ అనే పొట్టి బాకా వాయించేది ఒక టీచరమ్మ. పాట అసలు రాగం ఆవిడది. సన్నాయిలాంటి క్లారినెట్ వాయించే అంకుల్ ఆ రాగం చుట్టూ పిచ్చుకలా ఎగిరేవాడు. తాతయ్య వాయించే పొడుగు బాకా ట్రాంబోన్, కింద నుంచి జారుకుంటూ వచ్చి ఇద్దరినీ అందుకునేది. తీగల బాంజో, ట్యూబా అనే పెద్ద బాకా, డ్రమ్స్ వాయించేవాళ్ళు వెనక కూర్చుని తాళం పట్టేవాళ్ళు. ముందు అందరూ కలిసి పాట ఎత్తుకుంటారు. తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో వంతు. ఒకరి వంతులో మిగతావాళ్ళు తగ్గి వాళ్ళకి దారిస్తారు. చివర్లో మళ్ళీ అందరూ కలుస్తారు. శనివారం శనివారం ఒక బకెట్ బోర్లించుకుని కూర్చునేదాన్ని కాబట్టి, ఎవరి తర్వాత ఎవరి వంతో నాకు కంఠతా వచ్చేసింది.

అందరిలోకీ నాకు క్లారినెట్ అంకుల్ అంటే ఇష్టం. పొడుగ్గా, వంగిపోయి ఉండేవాడు. నడుం నొప్పి అని కూర్చోలేకపోతుంటే, నాన్న ఆఫీసు నుంచి సీటు ఫోమ్ ముక్క ఒకటి తెచ్చి కుర్చీకి సరిపోయేలా కోసి ఇచ్చాడు. "ఇప్పుడు నాది బ్యాండ్‌లోకెల్లా ఖరీదైన సీటు" అని అందరికీ చూపించుకున్నాడు. తాతయ్య ట్రాంబోన్ తీయగానే "గ్యారేజీ తలుపుకి కాస్త నూనె వేయండిరా" అనేవాడు. అమ్మకి అప్పుడు కడుపు. ఆయన వాయించడం మొదలుపెడితే లోపల బిడ్డ తన్నేవాడట. అమ్మ మా ఇంటి మెట్ల మీద కూర్చుని "చిన్నోడికి క్లారినెట్ నచ్చిందే" అనేది. పుట్టకముందే వాడికి ఆ పేరు స్థిరపడిపోయింది. చిన్నోడు.

ఆ చలికాలం చిన్నోడు పుట్టాడు గానీ ఏడవలేదు.

అమ్మ హాస్పిటల్ నుంచి వచ్చేలోపు నాన్న చిన్నోడి కోసం బిగించిన క్రిబ్ అనే పసిపిల్లల మంచం విప్పేసి బేస్‌మెంట్‌లో పెట్టేశాడు. అది కళ్ళపడితే అమ్మ తట్టుకోలేదని ఆయన భయం. ఆంటీలు వరసగా వచ్చారు. డబ్బాల్లో పప్పు, చారు, చపాతీలు తెచ్చారు. "ఇంకా వయసుంది కదా, మళ్ళీ పుడతాడులే." "పాపనైనా చూసుకుని గుండె రాయి చేసుకోవాలి." ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకి తెలిసిన ఓదార్పు అదే. ఒక ఆంటీ నన్ను పక్కకి తీసుకెళ్ళి, "అమ్మ ముందు తమ్ముడి మాట ఎత్తకు బంగారం, మర్చిపోనీ" అంది. నేను ఎత్తలేదు. నాన్నా ఎత్తలేదు. కొన్నాళ్ళకి మా ఇంట్లో "చిన్నోడు" అన్న మాటే లేదు. అది మంచికే అని నాకనిపించలేదు. నిజంగానే తమ్ముడు అనేవాడు ఒకడున్నాడా, నేనే ఊహించుకున్నానా అని భయం వేసేది. అడగడానికి ఎవరూ లేరు. అమ్మ సోఫాలో గోడవైపు తిరిగి పడుకునేది. వంటింట్లో కూనిరాగాలు ఆగిపోయాయి.

అదే చలికాలంలో క్లారినెట్ అంకుల్ కూడా పోయాడు. మంచు కరిగి, గ్యారేజీ తలుపు మళ్ళీ తెరిచిన మొదటి శనివారం నేను పరిగెత్తాను. అందరూ ఉన్నారు. ఆయన కుర్చీ దాని చోట అది ఉంది. నాన్న కోసిచ్చిన ఫోమ్ దాని మీదే ఉంది. పాట ఎత్తుకున్నారు. టీచరమ్మ వంతు అయింది, తాతయ్య వంతు అయింది. అప్పుడు ఇద్దరూ తమ వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకున్నారు. బాంజో, ట్యూబా, డ్రమ్స్ మాత్రం మెల్లగా తాళం నడుపుతూనే ఉన్నాయి. రాగం లేదు. ఉత్త తాళం. ఎవరో మర్చిపోయారనుకుని నాకు కంగారు పుట్టింది. "ఎవరిది? ఇప్పుడు ఎవరు వాయించాలి?" అని అరిచేశాను. ఒక్కరూ ఆపలేదు. ఒక వంతు ఎంతసేపు ఉంటుందో అంతసేపూ అలాగే నడిచి, తర్వాత అందరూ కలిసి పాట ముగించారు.

తాతయ్య నా వైపు వంగి, "మేమెవరమూ మర్చిపోలేదు కిడ్డో. అది వాడి వంతు" అన్నారు.

"కానీ ఆయన లేడు కదా."

"లేడు. అయినా వంతు వాడిదే."

"ఉన్నప్పుడు సగంసార్లు తప్పులే వాయించేవాడు" అన్నాడు వెనక నుంచి బాంజో ఆయన. "ఇప్పుడు బాగా కుదురుతోంది." అందరూ నవ్వారు. ట్యూబా ఆయన నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

అప్పుడు చూశాను అమ్మని. నన్ను అన్నానికి పిలవడానికి వచ్చింది కాబోలు, నైటీ మీద నాన్న జాకెట్ వేసుకుని గ్యారేజీ ముందున్న డ్రైవ్‌వేలో నిలబడిపోయి ఉంది. ఎంతోకాలంగా బయటివాళ్ళతో మాట్లాడని మనిషి, గొంతు సవరించుకుని తాతయ్యని అడిగింది. "ఆయన చోటులోకి ఇంకొకరు రారా?"

"వస్తారమ్మా. క్లారినెట్ లేకుండా ఈ బ్యాండ్ నిలబడదు. వచ్చేవాడికి మిగతా పాటలన్నిట్లో వంతు ఉంటుంది. ఈ పాటలో మాత్రం అతను కూడా మాలాగే ఊరుకుంటాడు."

"మరి ఆ తాళం ఎందుకు? మౌనంగా ఉండొచ్చు కదా?"

ఈసారి టీచరమ్మ చెప్పింది. "మేం తాళం ఆపేస్తే, వాడి వంతు కూడా ఆగిపోతుంది."

అమ్మ గ్యారేజీ లోపలికి వచ్చింది. తర్వాత, "ఇంకోసారి వాయిస్తారా?" అంది. తాతయ్య లేచి తన కుర్చీ అమ్మకి ఇచ్చి, తను నిలబడే వాయించారు. ఒక వంతు అయింది, ఇంకో వంతు అయింది. మళ్ళీ రాగం ఆగి తాళం మిగిలింది. నేను అమ్మ చేతిని చూశాను. అది తన తొడ మీద మెల్లగా, తాళానికి సరిగ్గా, కొడుతోంది. పాట వినేవాళ్ళు వేసే దెబ్బ కాదది. పిల్లల్ని జోకొట్టే దెబ్బ. నన్ను నిద్రపుచ్చిన చెయ్యి కాబట్టి నాకు తెలుసు. వంతు అయ్యేదాకా అమ్మ చిన్నోడిని జోకొట్టింది. పాట అయిపోయాక ఏడ్చింది, శబ్దం వచ్చేలా, అంతమంది ముందు. ఎవరూ ఊరుకోమనలేదు. డ్రమ్స్ ఆయన చేతుల్లో పుల్లలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇంటికి నడుస్తుంటే అమ్మ నా భుజం పట్టుకుని, "చిన్నోడు విని ఉంటే తన్నేవాడే" అంది. నా తమ్ముడు నాకు తిరిగొచ్చాడు.

ఆ ఎండాకాలం తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో కొత్తగా వచ్చిన ఆంటీ ఒకావిడ అడిగింది, "మీకు ఒక్కతే అమ్మాయా అండీ?" అని. నాన్న అలవాటుగా "అవునండీ" అనబోయాడు. అమ్మ ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. "ఇద్దరండీ. చిన్నోడు లేడు" అంది. ఆవిడ తడబడి తన ప్లేటు వైపు చూసుకుంది. అమ్మ ఆవిడకి సాయం చేయలేదు. నాన్న ప్లేట్ కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్తే, కారులో స్టీరింగ్ మీద తల ఆనించుకుని ఉన్నాడు. "ఆ క్రిబ్ స్క్రూలు ఒక్కటి కూడా పారెయ్యలేదమ్మా" అన్నాడు నాతో. నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఇప్పుడు ఆ క్రిబ్‌లోనే మా పాప పడుకుంది. ఇది రాస్తూ మధ్యమధ్యలో లేచి వెళ్ళి దాని ముక్కు కింద వేలు పెట్టి చూసి వస్తున్నాను. మా ఆయన నవ్వుతాడు, తర్వాత తను కూడా వెళ్ళి చూస్తాడు. దీనికంటే ముందు మాకొకడు ఉన్నాడు. వాడూ ఏడవలేదు. తాతయ్య అప్పటికే పోయారు. ఆ గ్యారేజీలో ఇప్పుడు ఎవరిదో కారు ఉంటోంది.

మొన్న పిల్లల డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లో మనవణ్ణి తీసుకొచ్చిన ఒక తెలుగు ఆంటీ పాపని ముద్దు చేస్తూ, "మొదటి కాన్పా తల్లీ?" అని అడిగింది. అవునని అనేస్తే సరిపోయేది. ఆవిడ సంతోషించేది, నా పేరు పిలిచేవాళ్ళు, వెళ్ళిపోయేదాన్ని. నా చెయ్యి పాప స్ట్రోలర్ బండి పిడి మీద మెల్లగా కొడుతోంది. ఆపలేదు. వాడి వంతు అయ్యేదాకా కొట్టనిచ్చాను.

"రెండోది ఆంటీ" అన్నాను.

ఆవిడ నవ్వుతూ మొదటివాడి కోసం గదంతా వెతికింది. నా చుట్టూ చూసింది, బొమ్మల మూల చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అప్పుడు ఆవిడ నవ్వు ఆగిపోయింది. తన చెయ్యి తెచ్చి స్ట్రోలర్ పిడి మీద, నా చేతి పక్కన పెట్టింది.