పిల్లిపిల్లకు చల్లిన పొడి

మేం స్టీల్ ప్లాంట్ కార్మికుల బస్తీ క్యాంప్ 1లో ఉన్నప్పుడు మా ఇంటికో పిల్లిపిల్ల వచ్చి చేరింది. దానికి మూడు నెలలు కూడా ఉండవు. నాకప్పటికి పెళ్లై ఏడాది. మా ఆయన ప్లాంట్‌లో ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్లిపోతే ఇంట్లో నేనూ, మా అత్తయ్యా. ఆవిడతో మాట్లాడాలంటే నాకు బెరుకు. మాటలన్నీ ఆ పిల్లిపిల్లతోనే.

వానలు మొదలవగానే దాని ఒంటికి నల్లటి పురుగులు పట్టాయి. పేలలా పాకేవి కావు, గంతులేసేవి. పక్కబట్టల్లోకీ వచ్చేశాయి. అత్తయ్య కాళ్లనిండా దద్దుర్లు.

"రేపు దాన్ని పవర్ హౌస్ బజార్లో ఒదిలీమంతాను మా అబ్బాయిని," అంది అత్తయ్య ఓ ఉదయం. "నావల్ల కాదు."

ఆవిడ బిందె పట్టుకుని కుళాయికి వెళ్లగానే, మంచాల్లో నల్లులకని తెచ్చిన డీడీటీ డబ్బా దించాను. ఇవాళే పురుగులన్నీ చచ్చిపోతే ఇక దాన్ని పంపించరు, అదొక్కటే నా ఆలోచన. మెడ నుంచి తోకదాకా రెండు గుప్పిళ్ల పొడి రుద్దాను. పురుగులు రాలుతుంటే సంతోషం కూడా వేసింది.

అది కూర్చుని ఒళ్లంతా నాక్కోవడం మొదలెట్టింది. పిల్లులు నాక్కుంటాయని నాకు తెలియదా? ఆ క్షణాన తట్టలేదు.

అన్నం వార్చి వచ్చేసరికి దాని చెవులు అదురుతున్నాయి. నోట్లోంచి చొంగ. లేవబోతే వెనక కాళ్లు వణికి పక్కకి పడిపోయింది.

పక్కింట్లో నర్సక్క ఉండేది. కాకినాడ వైపు మనిషి. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే పడుకున్న ఆవిడని తలుపు బాది లేపి తీసుకొచ్చాను.

"ఏం పూశావు?"

"నల్లుల మందక్కా."

"ఎంత?"

"చిటికెడు."

ఆవిడ వేళ్లతో బొచ్చు విడదీసి చూసింది. "నిజం చెప్పమ్మా. ఒకసారి కడిగితే చాలా, మళ్లీ మళ్లీ కడగాలా అన్నది నీ మాట మీదే ఉంది."

నీళ్ల బిందెతో అత్తయ్య గుమ్మంలో నిలబడి వింటోంది.

"రెండు గుప్పిళ్లు," అన్నాను.

నర్సక్క తిట్టలేదు. గోరువెచ్చని నీళ్లూ, ఒంటి సబ్బూ తెమ్మంది. నేను గిన్నెలో పాలు పోసి తెస్తే ఆపేసింది. "పాలొద్దు. కొవ్వు తగిలితే ఆ మందు ఇంకా తొందరగా ఒంటికి పడుతుంది."

తల తడవకుండా మూడుసార్లు కడిగాం. మొహాన్ని తడిగుడ్డతో తుడిచాం. మూడోసారి నా చేతుల్లోనే అది కొయ్యలా బిగుసుకుపోయింది. పోయిందనుకున్నాను. కాసేపటికి పొట్ట కదిలింది.

"వెచ్చగా చుట్టి చీకట్లో ఉంచండి. చప్పుడు చెయ్యొద్దు. ఇక దాని ఓపిక," అంది నర్సక్క.

తువ్వాలుతో చుట్టాను. అత్తయ్య బిందె దించి, నేల మీద చతికిలబడింది.

"నువ్వే వొణికిపోతన్నావు. ఇలాగియ్యి," అని దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

తలుపులు మూసి కూర్చున్నాం. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఎవరం లేవలేదు. ప్లాంట్ సైరన్ మోగినప్పుడు పిల్ల ఒళ్లంతా ఎగిరిపడింది. అత్తయ్య దాని చెవులు అరచేత్తో కప్పింది. మా ఆయన వచ్చి తలుపు తోస్తే, "మాటాడకు" అన్నట్టు చెయ్యి చూపించింది.

దీపాలు పెట్టే వేళకి వణుకు తగ్గింది. గిన్నె దగ్గర పెడితే తనంతట తానే నీళ్లు తాగింది. అప్పుడు ఏడ్చాను.

మర్నాటి నుంచి నర్సక్క చెప్పినట్టే చేశాం. పేల దువ్వెనతో రోజూ దువ్వడం, దొరికిన పురుగుల్ని సబ్బునీళ్లలో వేయడం, పక్కబట్టలు మరిగే నీళ్లలో ఉడికించడం. బజారు మాట మళ్లీ రాలేదు. నెల తిరిగేసరికి పురుగులు పోయాయి.

ఓ మధ్యాహ్నం అత్తయ్యే దువ్వుతూ అడిగింది.

"ఆ వేళ ముందు చిటికెడని ఎందుకన్నావు?"

"మీరు వింటారని భయమేసి."

దువ్వెన ఆగిపోయింది. "నానంటే అంత బయవేటి నీకు?"

ఆవిడ కాస్త జరిగి, తన పక్కన కూర్చోమని నాకు చోటిచ్చింది.