తోస్తేగానీ కదలని బ్రెడ్డు వ్యాను

మామగారికి ఒకటే పిచ్చి: చలికాలం వచ్చిందంటే ఆయన బ్రెడ్డు వ్యానును నలుగురూ తొయ్యాలి. తోయించుకోకుండా బయల్దేరితే ఆయనకు ఆ పూట ముద్ద దిగదు.

ఆ వ్యాను ఆల్కహాలుతో నడుస్తుంది. చలికి ఆల్కహాలు ఓ పట్టాన ఆవిరి కాదు, ఆవిరి కానిదే ఇంజను అంటుకోదు. అందుకని లోపల ఒక చిన్న పెట్రోలు డబ్బా ఉంటుంది. బటన్ నొక్కితే కాస్త పెట్రోలు చిమ్మి ఇంజనును నిద్ర లేపుతుంది.

"ఆ బటన్ చెడిపోయింది," అనేవారు మామగారు.

"బాగు చేయిద్దాం," అనేవాడు అల్లుడు.

"తాగుబోతు బండండీ. దానికి మర్యాదలేమిటి?"

ఉద్యోగం ఈ ఊళ్ళోనే దొరికి అత్తవారింట దిగిన కొత్త అల్లుడికి జరిగిన మొదటి మర్యాద, ఆ వ్యాను వెనక నిలబెట్టడం. "అల్లుడుగారూ, ఆ మూల పట్టుకోండి. చొక్కా కొత్తదైతే పక్కకు తిరిగి తొయ్యండి." పాలవాడు, వెనకింటి నర్సమ్మ, ఎదురింటి దర్జీ, అందరూ రావలసిందే. మామగారు మాత్రం స్టీరింగు ముందు పెళ్ళికొడుకులా కూర్చుని, "తిన్నదంతా ఎక్కడికి పోతోందర్రా?" అని అడిగేవారు.

"ఇంజనుకి రోజూ దుప్పటి కప్పుతారు," అనేవారు అత్తగారు. "నాకు జ్వరమొస్తే కిటికీ అయినా మూయలేదు."

అల్లుడికి నడుం పట్టేసింది. ఒక ఉదయం మామగారి కంటే ముందే లేచి బానెట్ ఎత్తి చూశాడు. డబ్బా నిండా పెట్రోలే. బటన్ నొక్కి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి గుర్రుమంది.

మామగారు బనీను మీదే పరుగెత్తుకొచ్చారు. "ఆపండి, ఆపండి."

"బాగానే ఉంది కదా మామయ్యగారూ."

"ఎప్పుడు చెడింది గనక?"

అప్పటికే దర్జీ మఫ్లరు చుట్టుకుని తన గేటు దాకా వచ్చాడు. ఇంజను చప్పుడు విని కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాడు.

మామగారి మొహం వాడిపోయింది. "భార్య పోయాక ఆయన కుట్టుమిషను ముట్టలేదు. పలకరించడానికి ఎవరెళ్ళినా తలుపు తీయడు. బండి తొయ్యడానికి రమ్మంటే మాత్రం వస్తాడు. వచ్చి ఓ టీ తాగి, నన్ను నాలుగు తిట్టి పోతాడు."

అల్లుడు ఇంజను ఆపేసి, వీధిలోకి కేకేశాడు. "బాబాయిగారూ, మళ్ళీ ఆగిపోయింది. ఓ చెయ్యి వేద్దురూ."

దర్జీ వచ్చి వ్యాను వెనక అల్లుడి పక్కన నిలబడ్డాడు. మామగారు స్టీరింగు ముందుకు చేరేదాకా ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆ బటన్ పనిచేస్తుందని నాకెప్పుడో తెలుసు బాబూ. పొద్దున్నే చుట్టూ నలుగురు లేకపోతే మీ మామకి బెంగ. పాపమని వస్తున్నా."

మామగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "ఏంటా గుసగుసలు? తొయ్యండి."

ఇద్దరూ నవ్వు ఆపుకుంటూ భుజాలు ఆనించారు.