అప్ప అడిగిన గ్లాసు కాఫీ

మా కొట్టు ముంచింగిపుట్టు సంతవీధిలో ఉంది. గుమ్మానికి అటూ ఇటూ కాఫీ పొడి పొట్లాలు దండలుగా వేలాడుతుంటాయి. తోటలున్న కొండల మీంచి జనం దిగివచ్చి, తాము పండించిన గింజలు మావారికి అమ్మి, పోయేటప్పుడు ఆ దండల్లోంచి రెండేసి పొట్లాలు తెంపించుకుని పోతారు. ఆ పొడి ఎక్కడో మైదానంలో తయారై, ఘాటీ రోడ్డు మలుపులన్నీ తిరిగి మళ్లీ ఈ కొండలకే వస్తుంది. ఈ రాకపోకల మధ్యనే భగవంతుడు మాకింత అన్నం ఏర్పాటు చేశాడు. ఆయన ఏర్పాట్లను ప్రశ్నించే అలవాటు నాకు లేదు. పూటపూటా దండం పెట్టుకోవడమే అలవాటు.

కొండ మీంచి వచ్చేవాళ్లలో ఒకావిడ ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది. మా విజయనగరం వైపు అక్కను అప్ప అంటాం కాబట్టి నేనూ ఆవిణ్ణి అప్పా అనే పిలుస్తాను. తోట కోత అయ్యాక, అమ్మాల్సిన బస్తాలు ముందు గుమ్మంలో దింపి, ఓ చిన్న గుడ్డసంచీ మాత్రం పట్టుకుని పెరటి గుమ్మానికి వస్తుంది. "ఇవి సావుకారికి కాదు. నీకు" అంటుంది. ఏటేటా ఇంతే. ఏటేటా నేను ఆ సంచీని కళ్లకద్దుకుని అందుకుంటాను. రెండో రోజు మావారు దాన్ని కొనుగోలు బస్తాలో కలిపేస్తారు. మా ఇంట్లో తాగేది దండలోని పొట్లమే.

ఇందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు. కళ్లకద్దుకున్నాను కదా, అక్కడితో నా వంతు అయిపోయిందనుకునేదాన్ని.

ఈ ఏడు మాఘమాసంలో అప్ప సంచీ ఇచ్చి, ఎప్పటిలా వెళ్లకుండా అరుగు మీద కూర్చుంది.

"సావుకారమ్మా, నా కాపీ ఎలగుంటాది?"

"అదేంటప్పా, నీ తోట కాఫీ నీకు తెలీదా?"

"నానెప్పుడు తాగినాను? గింజలన్నీ మీకే తెచ్చీసి, నీ కొట్లో పొట్లం పట్టుకుపోతాను గదేటి. మొన్న జలపాతం సూడ్డానికొచ్చినోళ్లు మా దారంట కారాపినారు. అందులో ఓ పట్నం గుంట అడిగినాది, 'నీ కాపీ రుసి పండులాగుంటాదా, పువ్వులాగుంటాదా' అని. నానేటి సెప్తాను? నోరెళ్లబెట్టినాను. ఆలందరూ నవ్వినారు." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నావైపు చూసింది. "నువ్వు ఏటేటా తాగుతన్నావు గదా. నువ్వు సెప్పు."

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించి, పురాణాలు చదివించారు. అబద్ధం ఆడకూడదని వాటిలో ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడూ, పెళ్లి విషయంలోనూ ఆడవచ్చునని పెద్దలిచ్చిన మినహాయింపులు కూడా ఉన్నాయి. ఎంత వెతికినా వాటిలో కాఫీ గింజలు లేవు.

"అమృతంలా ఉంటుందప్పా" అన్నాను.

అప్ప ముఖం విప్పారింది. "అయితే ఒచ్చీ సంతకి బేగి ఒత్తాను. నాకూ ఓ గలాసు పోసీ. పాలెయ్యకు. ఆలు పాలెయ్యకుండా తాగుతారట."

అలా నేను నా ఇంట్లో మొదటిసారి కాఫీ గింజలు వేయించడానికి కూర్చున్నాను. చేతిలో ఓ గుడ్డసంచీ, ముందు వారం రోజులు. ఇంతకాలం సంచీ అక్కర్లేకపోయింది గానీ, ఇప్పుడు అందులోని ప్రతి గింజా కావాల్సి వచ్చింది.

మొదటి రోజు నాలుగు గుప్పెళ్లు మూకుట్లో పోసి మంట పెట్టాను. వేరుశెనగ పలుకులు వేయించిన చేతికి ఇదొక లెక్కా అనుకున్నాను. గింజ మీద కాగితంలాంటి పొట్టొకటి ఉంటుందని, దాన్ని దంచి చెరిగాకే వేయించాలని నాకు తెలియదు. బస్తాలు బస్తాలు కొనే ఇంట్లో కాపురం చేస్తూ తెలియదు. పొట్టు అంటుకుంది. పెరడంతా పొగ. మావారు కొట్టు వదిలేసి బిందెతో పరుగెత్తుకొచ్చారు. ఆయన వెనకే సరుకులు కొనడానికి వచ్చినవాళ్లు, వాళ్ల వెనక సరుకులు కొనే ఉద్దేశం లేనివాళ్లు వచ్చారు.

"ఏటే ఇది? కొంప అంటించేత్తావా?"

"కాఫీ అండి."

"కొట్టు నిండా పొట్లాలుండగా ఇదేం కాఫీయే?"

జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, తన వ్యాపారానుభవమంతా కూడగట్టి ఓ ఉపాయం చెప్పారు: "ఓ పొట్లం చింపి వేడినీళ్లలో కలిపీ. ఆవిడకేటి తెలుస్తాది?"

"ఆడిన అబద్ధం ఒక్కటే ఇంకా అరగలేదండి" అన్నాను.

రెండో రోజు గింజల్ని రోట్లో దంచి, చేటతో చెరిగి, పొట్టు పోగొట్టాను. ఆకుపచ్చటి గింజలు ముద్దుగా బయటపడ్డాయి. అయితే ముందురోజు సాయంత్రం అదే మూకుట్లో ఎండుమిరపకాయలు వేయించిన సంగతి, గింజలు వేడెక్కాక మూకుడే నాకు గుర్తుచేసింది. ఇంటిల్లిపాదీ తుమ్మాం. పొరుగింటివాళ్లు కూడా తుమ్మారు. ఆ కాఫీని ఒక్క గుక్క తాగి చూశాను. చారు పెట్టుకోవడానికి బాగుండేది.

మూడో రోజుకి మావారిలో పౌరుషం మేలుకొంది. ఆయన ఫోన్లో వీడియోలు చూశారు. ఎక్కడో పట్నంలో గడ్డం పెంచుకున్న కుర్రవాడు గింజల్ని పసిపిల్లల్లా చూసుకుంటూ వేయిస్తున్నాడు. మావారు ఫోను గూట్లో ఆనించి, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"ఇదిగో, అసలు కిటుకు ఇక్కడుంది. గింజ పేలాలు పేలినట్టు టపటపమంటాదట. ఆ చప్పుడు వినాలి. అది వినకపోతే సర్వనాశనమే. అందుకని మనం ఏటి సెయ్యాలీ అంటే, నోరు మూసుకుని, చెవులు రిక్కించి…"

"అలాగేనండి."

"అలాగే కాదు, శ్రద్ధగా విను. చాలామంది సేసే తప్పేటంటే, ఆ టైములో మాటాడతారు. మాటాడితే చప్పుడు వినపడదు. చప్పుడు వినపడకపోతే…"

ఆయన చప్పుడు గురించి చెబుతూనే ఉన్నారు. గింజలు వాటి పని అవి చేసుకుని బొగ్గులయ్యాయి.

"పేలిందేటి?" అన్నారు కాసేపటికి.

"తెలీలేదండి. మీరు చెబుతున్నది వింటున్నాను" అన్నాను. ఇంత చదువుకున్న భర్తను ఇచ్చినందుకు భగవంతుడికి దండం పెట్టుకుని, బొగ్గుల్ని తీసి మొక్కల మొదట్లో పోశాను.

ఇక సంచీలో మిగిలింది ఒక్క గుప్పెడు. దాన్ని ముట్టడానికి జంకుతూనే రోజులు గడిచిపోయాయి, సంత తెల్లవారితే. నాకు నిజంగా భయం పట్టుకుంది. అప్ప గ్లాసు కాఫీ అడిగింది. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. అదీ తన తోటదే. పోయలేకపోతే ఆ కారువాళ్లు నవ్వినదానికంటే పెద్ద అవమానం నేను చేసినట్టు.

సంతనాడు తలస్నానం చేసి, దీపం పెట్టి, మూకుడు మానేసి, పేలాలు వేయించే మట్టి మంగలం పొయ్యి మీద పెట్టాను. మావారిని కొట్టు దాటి రావద్దని వేడుకున్నాను. సన్నటి సెగ. గింజలు పచ్చదనం వదిలి గడ్డిరంగుకొచ్చాయి. తరవాత దాల్చినచెక్క రంగు. కాల్చిన రొట్టెలాంటి వాసన లేచింది. అప్పుడు వినిపించింది, టప్పుమని ఒకటి, వెంటనే రెండు, ఆపైన వరసగా. నా జన్మ ధన్యమైందనుకున్నాను. అట్లకాడ పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకున్నాను.

అక్కడే పొరపాటు జరిగింది. దణ్ణాలు పెట్టుకోవడంలో నేనెప్పుడూ తొందరపడను. కళ్లు తెరిచేసరికి అడుగున ఉన్న గింజలు నల్లబడి నూనె కక్కుతున్నాయి. పైనున్నవి మాత్రం బాగున్నాయి. ఏరడానికి వ్యవధి లేదు, ఏరితే గ్లాసు నిండదు. రెంటినీ కలిపి మిక్సీలో వేశాను.

పొద్దెక్కకుండానే అప్ప వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, పేరంటానికి పిలిచినంత పద్ధతిగా వచ్చింది. అరుగు మీద చాప వేశాను. పొడిని నీళ్లలో కాచి గుడ్డలో వడగట్టి, ఒక్క గ్లాసే అయితే తెచ్చిచ్చాను.

"నీకో?"

"నేను తాగేశానప్పా." చూశారా, రెండోది ఎంత సులువుగా వచ్చిందో.

ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ముందు వాసన చూసింది. ఓ గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. కళ్లు చిట్లించి, బలవంతంగా మింగి, నావైపు అదోలా చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది.

"ఇదా నువ్వు ఏటేటా తాగుతన్నావు?"

నేను తల దించుకున్నాను.

"అయ్యో తల్లీ! నానిచ్చినానని ఇంత సేదు మింగుతన్నావేటి? పైగా అమురుతమన్నావు! నీ మనసు బంగారం." నా చెయ్యి పట్టుకుంది. "ఇంక నీకు తేనులే. నిన్ను బాద పెట్టను."

ఆ క్షణంలో నేను ఊరుకుంటే సరిపోయేది. నా అబద్ధం త్యాగమై కూర్చుంది. సంచీ బాధ తప్పేది, మంచిదాన్నన్న పేరు మిగిలేది. కానీ ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉంది. గింజలు ఏరి ఏరి వేళ్ల చివర్లు గరుకెక్కిన చెయ్యి.

"అప్పా, నేనెప్పుడూ తాగలేదు. నువ్విచ్చినవన్నీ మావారు బస్తాలో కలిపేసేవారు. ఇది వేయించడం నాకు చేతకాలేదు. ఇప్పుడు కూడా తాగానని అబద్ధమే చెప్పాను."

అప్ప చెయ్యి తీసేసింది. సంతవైపు తిరిగి కూర్చుంది. వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. సగం ఖాళీ అయిన గ్లాసును చాప మీద నావైపు జరిపింది.

"తాగు."

నేను గ్లాసును చూశాను. మడీ ఆచారం గల ఇంట్లో పుట్టినదాన్ని, ఒకరి ఎంగిలి ముట్టి ఎరగను. అప్ప నన్నే చూస్తోంది. గ్లాసెత్తి, ఆపకుండా, అడుగున దిగిన మడ్డితో సహా తాగేశాను.

"ఎలగుంది?"

"మాడిపోయింది. అడుగంటిన చోడి అంబలిలా ఉంది."

అప్ప తల ఊపింది. "నాకూ అలగే ఉంది. ఆ గుంట మల్లీ వొస్తే అదే సెప్తాను." మూతి కొంగుతో తుడుచుకుని లేచింది. ఆ మాట వింటే ఆ కారువాళ్లు అదీ ఒక రుచేననుకుని తప్పక రాసుకుంటారు. నాకందులో అనుమానం లేదు.

మెట్లు దిగి మళ్లీ ఆగింది.

"ఒచ్చే ఏడు సంచీ తేను. కోతయ్యాక నువ్వే రా మా ఇంటికి. నా పొయ్యి మీద, నా ముందర ఏపుదువు గాని. ఇద్దరం తాగుదుం. వొత్తావా?"

"వస్తానప్పా" అన్నాను.

ఆవిడ వెంటనే కదల్లేదు. ఇది మూడో అబద్ధం కాదు కదా అన్నట్టు నా ముఖంలోకి ఒకసారి చూసింది, మళ్లీ ఇంకోసారి చూసింది. అప్పుడు గాని సంతలోకి నడవలేదు.