ఇచ్చేసిన బంటు

కళ్ళజోళ్ళ దుకాణం అతనిది, పక్కన జిరాక్స్ షాపు నాది. బేరాల్లేని మధ్యాహ్నాలు అతని గాజు కౌంటర్ మీద చదరంగం పరిచేవాళ్ళం. వీధిలో అందరూ అతన్ని ‘తొందరాయన’ అనేవారు. ఎదుటి మనిషి బోర్డు మీద అక్షరాలు పూర్తిగా చదవకముందే అద్దాల నంబరు చెప్పేసే రకం.

ఆటా అంతే. రాజు ముందు బంటును జరిపి, మరుసటి ఎత్తులోనే మంత్రి ముందు బంటును తెచ్చి నా నోటికి అందించేవాడు. నేను తినేవాణ్ణి. అది అరిగేలోపే అతని శకట్లూ గుర్రాలూ బయటికొచ్చి నా రాజు మీద పడేవి. నావి ఇంకా ఇంట్లోనే ఒళ్ళు విరుచుకుంటూ ఉండేవి.

“ఒక్క బంటు పోతే ఏంరా? మిగతావాటికి దారి దొరికింది కదా,” అనేవాడు. పోయినదాని వంక చూసేవాడు కాదు. ఓడిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. మర్నాడు సిగ్గు లేకుండా మళ్ళీ తినేవాణ్ణి.

పక్షవాతం వచ్చి అతనికి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక అతని భార్య నన్ను పిలిపించింది.

“మా మొహాలు చూసినా గోడను చూసినట్టే చూస్తున్నారన్నయ్యా. మీతో ఆడితే తెలుస్తుంది, మనిషి లోపల ఉన్నారో లేరో.”

మంచం పక్కన స్టూలు వేసి బోర్డు పరిచాను. నాకు భయం వెయ్యాలి, వెయ్యలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, నా లోపలంతా అలా ఉంది.

ఎడమ చేత్తో రాజు ముందు బంటు జరిపాడు. నేనూ జరిపాను. తర్వాత మంత్రి ముందు బంటు వచ్చి నా ఎదుట నిలబడింది.

“ఇది వీడి ఆటే చెల్లెమ్మా,” అన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది.

బంటును తిని గుప్పిట్లో పెట్టుకున్నాను. ఇప్పుడు శకటో గుర్రమో ఏదో ఒకటి బయటికి రావాలి. రాకపోతే బంటు ఊరికే పోయినట్టు.

అతను బోర్డు చూడలేదు. నా గుప్పిట చూశాడు. చెయ్యి చాపి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, బంటును తీసుకుని, మంత్రి ముందు దాని పాత గడిలో జాగ్రత్తగా నిలబెట్టాడు.

ఆవిడకు ఆట రాదు.

“ఈయన ఇచ్చింది వెనక్కి తీసుకునే మనిషి కాదు కదన్నయ్యా,” అంది.

“కాదమ్మా,” అన్నాను.